ఆ గజ్జెల చప్పుడు ఎవరిది?

పాడుబడ్డ గడీ ఉన్న ఊరికి వెళ్లండి. దాని వెనకే ఓ దయ్యం కథ వినిపిస్తుంది. కథలో తప్పకుండా ఓ ఆడమనిషి ఉంటుంది. ఎవరామె? సూర్యాపేట నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న మఠంపల్లి మండలం దాకా వెళ్తే, ఆ ప్రశ్నకు దారి పొడవునా జవాబులు దొరుకుతాయి.

నిలువెత్తు ప్రహరీ. ఏనుగు పట్టేంత దర్వాజా. లోపల చుట్టూ భవంతి, మధ్యలో విశాలమైన వాకిలి, ఓ మూలన చేదబావి. గోడల పగుళ్లలోంచి పుట్టుకొచ్చిన రావిమొక్కలు. మేడమీద కిటికీకి ఒక తలుపే మిగిలింది. గాలి వీచినప్పుడల్లా అది కిర్రుమంటుంది.

పొద్దుగూకితే పిల్లల్ని అటువైపు పోనివ్వరు. ఎందుకని అడిగితే ఊరూరా కాస్త అటూ ఇటూగా ఒకే కథ. అమావాస్యనాడు గజ్జెల చప్పుడు వినిపిస్తుందట. పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురు బావి గట్టుమీద కూచుని ఉంటుందట. ఎవరో ఆడమనిషి సన్నగా ఏడుస్తుందట. 'ఎవరామె?' అని అడిగామా... కథ అక్కడితో ఆగిపోతుంది. దయ్యానికి చీర రంగు తెలుసు, కాలి అందెలు తెలుసు, ఏ వేళకు వస్తుందో కూడా తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు!

ఆ పేరులేని మనిషి జాడ తీయాలంటే ముందు సినిమా హాల్లోంచి మొదలుపెట్టాలి.

కోటలోకి కొత్త కోడలు

'అరుంధతి' సినిమా గుర్తుందిగా! 2009 సంక్రాంతి రోజుల్లో వచ్చి తెలుగువాళ్లను గజగజలాడించింది. పెళ్లి కుదిరిన అమ్మాయి గద్వాల సంస్థానానికి వెళ్తుంది. ఒకప్పుడు ఆ కోటను ఏలిన జేజమ్మే తాననీ, పాడుబడ్డ మహల్లో సమాధైన పశుపతి తనకోసమే కాచుకుని ఉన్నాడనీ తెలుసుకుంటుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2005లో 'చంద్రముఖి' వచ్చింది. అందులోనూ అంతే. కొత్తగా పెళ్లయిన గంగ భర్తతో కలిసి పాత మహల్లో కాపురానికి వస్తుంది. వద్దన్న గది తలుపు తీస్తుంది. లోపల ఉన్నది రాజు చెరపట్టి చంపేసిన ఓ నాట్యగత్తె కథ.

ఇంగ్లిషు సాహిత్యంలోనూ ఇలాంటి కథలకు లోటులేదు. షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన 'జేన్ ఐర్' నవలలో కథానాయిక ఓ జమీందారు బంగళాకు పంతులమ్మగా వెళ్తుంది. రాత్రిళ్లు పై అంతస్తులో ఎవరో నవ్వుతుంటారు. సరిగ్గా పెళ్లి పీటల దగ్గర అసలు గుట్టు బయటపడుతుంది. నవ్వేది దయ్యం కాదు, ఆ దొర మొదటి భార్య. పిచ్చిదన్న పేరుతో ఆమెను ఏళ్ల తరబడి గదిలో బంధించి ఉంచాడు. నూటపందొమ్మిదేళ్ల తర్వాత, 1966లో జీన్ రీస్ అనే రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' నవలలో ఆ మొదటి భార్య పక్షాన కథ చెప్పింది. అప్పటిదాకా ఆమె పాఠకులకు ఒక కేక, ఒక నవ్వు, ఒక భయం... అంతే!

అంటే పాత భవనంలో దయ్యం ఉందని ఎవరైనా చెబితే ముందు అడగాల్సింది ఒకటే. ఇక్కడ బతికిన ఆడవాళ్లలో ఎవరి కథ చెప్పకుండా దాచారు?

సినిమా సంగతి అటుంచి నిజం గద్వాలకు వెళ్తే కథ మరోలా ఉంటుంది. అక్కడికి కోడలిగా వచ్చిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ, 1924లో భర్త మరణించాక సంస్థానం బాధ్యత తీసుకుని, సంస్థానాలు విలీనమయ్యేదాకా పాలించింది. కోట ఆవరణలో ఆమె పేరుమీద డిగ్రీ కళాశాల వెలిసింది. ఇక సినిమాలో మనం చూసి జడుసుకున్న మహల్ గద్వాలలో లేనేలేదు. అది బనగానపల్లె నవాబుల బంగళా. ఇప్పుడు జనం దాన్ని 'అరుంధతి బంగళా' అనే పిలుస్తున్నారు. కట్టించిన నవాబుల పేరుకన్నా కట్టుకథలోని పెళ్లికూతురి పేరే దానికి స్థిరపడింది.

రాణులకు పేర్లున్నాయి, సినిమా నాయికలకూ పేర్లున్నాయి. మరి మన ఊరి గడీలో ఏడ్చే మనిషికి పేరెందుకు లేదు?

రాతి మీద ఓ భార్య పేరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారిలో సుమారు 135 కిలోమీటర్లు వస్తే సూర్యాపేట. ఒకప్పుడు నల్గొండ జిల్లాలోని తాలూకా కేంద్రం. 2016 అక్టోబరు 11న సొంతంగా జిల్లా అయింది. పట్టణానికి కూతవేటు దూరంలోనే పిల్లలమర్రి. కాకతీయుల కింద ఏలిన రేచర్ల రెడ్లు ఇక్కడ కట్టించిన శివాలయాలు ఎనిమిది వందల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. నల్లరాతి స్తంభాల నునుపు చూస్తే నిన్నగాక మొన్న చెక్కారేమో అనిపిస్తుంది.

మన కథకు కావాల్సింది అందులో ఒక గుడి, ఎరకేశ్వరాలయం. దీన్ని 1208లో కట్టించింది ఎరకసానమ్మ. రేచర్ల బేతిరెడ్డి భార్య. ఆమె కూడా ఏదో ఊరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషే. అయితే గుడి కట్టించింది, దేవుడికి తన పేరు పెట్టింది. అందుకే ఇవాళ పిల్లలమర్రి వెళ్లిన ప్రతి కుటుంబమూ ఆ పేరు పలుకుతోంది. ఆ మండపంలో కూచుంటే మనసు చల్లబడుతుందే తప్ప భయమేయదు. ఎనిమిది వందల ఏళ్ల పాత కట్టడమే అయినా ఆ గుడి ఎరకసానమ్మ పేరుతో నిలిచింది. వందేళ్లయినా నిండని గడీలు కొన్ని దయ్యాల కొంపలయ్యాయి. దీనికి కారణం కట్టడాల వయసులో లేదు. గోడల వెనక ఏం జరిగిందో అందులోనే ఉంది.

గడీ అంటే ఊరికి దడ

నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర ఉండే కోటలాంటి ఇంటిని గడీ అన్నారు. అది ఇల్లే కాదు, ఊరి కచేరీ, కోర్టు, జైలు, ధాన్యం కొట్టు... అన్నీ అదే. దేశ్‌ముఖుల భూములు ఊళ్లు దాటి, తాలూకాలు దాటి ఉండేవి. తెలంగాణ పోరాటంపై 1972లో రాసిన పుస్తకంలో పుచ్చలపల్లి సుందరయ్య ఆ లెక్కలు ఇచ్చారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20 వేలు. అందరినీ మించి జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షా 50 వేల ఎకరాలు!

అంత భూమి ఉన్నవాళ్ల ఇంట్లో పని ఎవరు చేస్తారు? ఊరంతా చేయాల్సిందే. కూలి లేదు, వేళ లేదు. దాన్నే వెట్టి అన్నారు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి. దొరసాని పుట్టింటికి బయల్దేరితే బోయీలు పల్లకి మోయాలి, ఆమె కూచున్న కచ్చడం బండికి ముందు ఒకరు పరుగెత్తాలి.

ఇలాంటి ఇంటికి కోడలు వచ్చిందంటే మాటలా! మేళతాళాలు, తోరణాలు, బండ్ల వరస. పెళ్లికూతురు ఏ పదేళ్లదో పన్నెండేళ్లదో. ఒక గడీలో పుట్టి మరో గడీలో మెట్టిన పిల్ల. దర్వాజా దాటి లోపలికి వెళ్లాక మళ్లీ బయటి లోకం చూసేది తెర కట్టిన బండిలోంచే. ఆమెదీ ఒకరకంగా చెరే. అయితే ఆ పల్లకి వెనక ఇంకో పిల్ల నడిచి వచ్చింది. ఆమెను ఎవరూ చూడలేదు.

పల్లకి వెనక నడిచిన పిల్ల

కూతురికి పెళ్లి చేసేటప్పుడు దొరలు నగలు, పొలాలు, ఆవులతోపాటు ఆడపిల్లల్ని కూడా అరణంగా పంపేవారు. పేదింటి పిల్లలు. అప్పు తీర్చలేక అప్పజెప్పినవాళ్లు కొందరు, చిన్నప్పుడే గడీలో వదిలేసినవాళ్లు కొందరు. వాళ్లను ఆడబాపలనీ, దాసీలనీ పిలిచేవారు. సుందరయ్య తన పుస్తకంలో ఈ సంగతీ రాశారు. పెళ్లికూతురితో వెళ్లి ఆమెకు సేవ చేయడం వాళ్ల పని. అంతటితో ఆగితే ఇంత కథ లేదు. దొర పిలిస్తే వెళ్లాలి. దొర చుట్టాలొస్తే వాళ్ల దగ్గరికీ వెళ్లాలి. పెళ్లి లేదు, కాపురం లేదు. బిడ్డ పుడితే ఆ బిడ్డకు తండ్రి పేరు లేదు.

రోజంతా దొరసాని తల దువ్వి, కాళ్లు ఒత్తి, ఊయల ఊపి, రాత్రి దొర గది గడప తొక్కాల్సిన మనిషి. దొరసానికి ఆమె తోడు, ఆమే సవతి. ఒకే ఇంటికి ఒకే రోజున వచ్చిన ఇద్దరు పిల్లలు... ఒకరు మెడలో పుస్తెలతో, ఒకరు చేతిలో చెంబుతో. ఏళ్లు గడిచేసరికి ఒకరినొకరు చూసుకోలేని స్థితి.

బి.నర్సింగరావు 1988లో 'దాసి' సినిమా తీసింది ఈ పిల్ల గురించే. దొరసానితోపాటు గడీకి వచ్చిన కమలాక్షిగా అర్చన నటించింది. ఆ పాత్రకు ఉత్తమ నటి అవార్డు సహా సినిమాకు ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో దయ్యం లేదు, గజ్జెల చప్పుడు లేదు. మాటలు కూడా తక్కువే. గడీలో చీకట్లో దీపం పట్టుకుని ఓ ఆడమనిషి నడుస్తుంటుంది. అయినా ఏ దయ్యం సినిమా చూసినా వేయనంత భయం వేస్తుంది.

ఇప్పుడు మళ్లీ ఆ ఊరి కథ గుర్తు చేసుకోండి. రాత్రిపూట కాలి అందెల చప్పుడు... సన్నని ఏడుపు... చేదబావి. గడీ నిండా జనం ఉన్న రోజుల్లోనే ఆ చప్పుళ్లు వినిపించి ఉంటాయి. ప్రహరీ బయట పడుకున్న జీతగాళ్లు విని ఉంటారు. విన్నది పైకి చెబితే వీపు చిట్లుతుంది. 'దయ్యం' అని చెబితే ఎవరూ ఏమీ అనరు! భయంతో నోరు మూసుకున్న ఊరు, జరిగింది మరిచిపోకుండా దాచుకోడానికి ఎంచుకున్న దారే ఈ కథలేమో అనిపిస్తుంది.

దొరసానులంతా కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే అనుకుంటే పొరపాటు. పెత్తనం చేతికొచ్చాక దొరను మించిన దొరసానులున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ కడవెండి గడీలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లను వణికించింది. ఆ కడవెండిలోనే 1946 జులై 4న ఊరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటం రగిలింది అక్కడే. అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, పాలకుర్తిలో తన పంటను గడీకి పోనివ్వని చాకలి ఐలమ్మ కూడా ఈ నేల ఆడబిడ్డే.

గడప దాటిన ఆడపిల్ల

సూర్యాపేట ప్రాంతంలోనే మరో కథ ఉంది. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెంలో 1931లో ఓ భూస్వామి ఇంట్లో పుట్టింది స్వరాజ్యం. అందరిలా అయితే ఏ గడీకో కోడలిగా వెళ్లి, తెరల బండిలో కనిపించాల్సిన పిల్ల. వెట్టి చేసే కూలీలకు చిన్నతనంలోనే ఇంట్లోంచి బియ్యం తీసి పంచింది. అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డితోపాటు పోరాటంలోకి నడిచింది. తుపాకీ పట్టింది. ప్రభుత్వం ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టింది. తర్వాత 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది. మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూసేదాకా ఆ రోజుల గురించి చెబుతూనే ఉంది.

ఆమెలాంటి ఎందరో మహిళల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకంగా తెచ్చింది. ఆ పుస్తకం పేరే మన ప్రశ్నకు సగం జవాబు. అడిగినవాళ్లున్నప్పుడు ఆడవాళ్లు చెప్పారు. ఎవరూ అడగనివాళ్లు కథల్లో దయ్యాలుగా మిగిలారు.

పుస్తకాలున్న కోట

సూర్యాపేట నుంచి కోదాడ వైపు వస్తుంటే రహదారి మీదే మునగాల. అక్కడికి దగ్గర్లోనే నడిగూడెం. మునగాల రాజావారి కోట ఉన్నది ఇక్కడే. ఈ పరగణాది విచిత్రమైన చరిత్ర. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలా బ్రిటిష్‌వారి కృష్ణా జిల్లా ముక్క. పొలిమేర ఇవతల ఒక చట్టం, అవతల ఇంకో చట్టం. 1959లో గానీ ఇది నల్గొండ జిల్లాలో కలవలేదు.

ఈ కోటలో పెరిగిన కథలు వేరు. రాజా నాయని వేంకటరంగారావు దగ్గర దివానుగా పనిచేసింది కొమర్రాజు లక్ష్మణరావు. వీళ్లిద్దరి పూనికతోనే 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య ఇక్కడే ఉండి పత్తి సాగుమీద పరిశోధనలు చేశారు. జెండా ఆలోచన ఈ కోటలోనే రూపు దిద్దుకుందని నడిగూడెంవాసులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

అలాగని ఇక్కడ అంతా వెలుగే అనుకోవద్దు. మునగాల పరగణా రైతులు 1930ల్లో వెట్టికీ జమీందారీ వసూళ్లకూ వ్యతిరేకంగా తిరగబడ్డారు. నండూరి ప్రసాదరావు వాళ్లకు నాయకత్వం వహించారు. ఒకే కోటలో గ్రంథాలయానికి దీపమూ వెలిగింది, వెట్టివాడి ఇంట్లో దీపమూ ఆరింది. ఏ గడీని చూసినా ఈ రెండూ కలిపి చూడాల్సిందే.

పేరంటాలైన కోడలు

కోదాడ దాటి జగ్గయ్యపేట మీదుగా కాస్త పక్కకు తిరిగితే మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ జిల్లా. మన కథలో ఇది ముఖ్యమైన మజిలీ. ఎందుకంటే ఈ ఊరి దేవత ఒకప్పటి కొత్త కోడలు!

తిరుపతమ్మను పెనుగంచిప్రోలు కాకాని గోపయ్యకు ఇచ్చి పెళ్లి చేశారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత అత్త, తోడికోడలు ఆరళ్లు పెట్టారు. లేనిపోని నిందలు వేశారు. జబ్బు పడితే పశువుల కొట్టంలో పడేశారు. అడవికి వెళ్లిన భర్త పులి బారిన పడ్డాడు. తిరుపతమ్మ అగ్నిలో లీనమైందని కథ. ఆ తర్వాత ఊరు ఆమెకు గుడి కట్టింది. ఇప్పుడు తిరునాళ్లకు లక్షల్లో జనం వస్తారు. గోపయ్య, తిరుపతమ్మల విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్లి, ఊరేగింపుగా వెనక్కి తెచ్చే వేడుక చూసి తీరాల్సిందే. పుట్టింటి నుంచి అమ్మాయిని తీసుకొచ్చినంత సంబరం!

ఒకసారి ఆలోచించండి. తిరుపతమ్మ పడ్డ కష్టం, గడీలో ఆడబాప పడ్డ కష్టం... రెండూ నాలుగు గోడల మధ్యే జరిగాయి. ఇంటి కోడలు అన్యాయమైపోతే ఆమె పేరంటాలైంది. ఊరు పసుపు కుంకుమ పెట్టి క్షమించమని అడిగింది. దాసి అన్యాయమైపోతే? ఆమెకు పుట్టింటివారు అడగడానికి రాలేదు, అత్తింటివారు అసలే లేరు. గుడి కట్టడానికి పేరు తెలియాలి, ఇంటిపేరు తెలియాలి. అవి లేని మనిషికి ఊరు ఇవ్వగలిగింది గజ్జెల చప్పుడు ఒక్కటే.

ఇదే పెనుగంచిప్రోలులో 1874లో మరో ఆడపిల్ల పుట్టింది. ఆరేళ్లకే పెళ్లయింది. తమ్ముడి సాయంతో చదువు నేర్చింది. ఆ తమ్ముడే మునగాల దివాను కొమర్రాజు లక్ష్మణరావు. ఆమె భండారు అచ్చమాంబ. 1902లో 'ధన త్రయోదశి' కథ రాసి తొలి తెలుగు కథకుల్లో ఒకరైంది. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేసింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు వెతికి వెతికి రాసింది. చిన్న వయసులోనే, 1905లో చనిపోయింది. ఆడవాళ్ల పేర్లు మాసిపోకూడదని నూట ఇరవై ఏళ్ల కిందటే ఒక బాలవధువుకు తోచింది!

కృష్ణ ఒడ్డున మఠంపల్లి

కోదాడకు తిరిగి వచ్చి హుజూర్‌నగర్ మీదుగా దక్షిణానికి వెళ్తే మఠంపల్లి. దారి పొడవునా సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పచ్చబడ్డ వరిమళ్లు. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. వరిమడిలో వరసగా వంగి నాట్లేసే ఆడకూలీలను చూడండి. ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుని మరీ దిగుతారు. వెట్టిలో మాట్లాడుకోవడం అనేదే లేదు. మడి దాటితే సున్నపురాయి నేలలు, సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, లారీల బారులు.

కొత్తవాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మఠంపల్లి వేరు, మట్టపల్లి వేరు. మఠంపల్లి మండల కేంద్రం. అదే మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం మట్టపల్లి. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుహలో యోగానందుడిగా వెలిశాడు. నది అవతల ఉన్న తంగెడను ఏలిన అనుమల మాచిరెడ్డికి స్వామి కలలో కనిపించి తన చోటు చెప్పాడని స్థలపురాణం. అవతలి ఒడ్డు పల్నాడు. తంగెడలో ఇప్పటికీ పాత కోట శిథిలాలున్నాయి.

నది కూడా ఇక్కడ మారిపోయింది. దిగువన 45.77 టీఎంసీల పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమైంది. నీళ్లు నిలిచాక రెండు ఒడ్డుల మీదా ఊళ్లు ఖాళీ అయ్యాయి. పుట్టిన ఇల్లు, పెళ్లి పందిరి వేసిన వాకిలి, బొడ్రాయి... అన్నీ నీళ్లకింద చేరాయి. ఆ ఊళ్లవాళ్లు పునరావాస కాలనీల్లో కొత్త ఇళ్లు కట్టుకున్నారు. పాత ఊరి పేరే కొత్త కాలనీకి పెట్టుకున్న చోట్లు ఉన్నాయి. ఇల్లు పోయినా పేరు పోకూడదన్న తాపత్రయం అది.

మట్టపల్లికి బాగులేనివాళ్లు ఎక్కువగా వస్తారు. నదిలో స్నానం చేసి తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తారు. రోజుల తరబడి గుడి దగ్గరే నిద్ర చేసేవాళ్లూ ఉంటారు. పాతకాలంలో మనసు బాగులేని ఆడపిల్లను 'గాలి సోకింది' అని నరసింహస్వామి గుడికి తీసుకెళ్లేవారు. ఆ పిల్లను ఇంట్లో ఎవరు ఏమన్నారో, ఏం చేశారో మాత్రం అడిగేవారు కాదు. ఇప్పుడు మనసు జబ్బుకు డాక్టరున్నాడు. స్వామికి మొక్కినా, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాలి. అన్నిటికన్నా ముందు, ఆ అమ్మాయిని కూచోబెట్టి ఏమైందని అడగాలి.

గుడిలో అర్చన చేయించేటప్పుడు చూడండి. పూజారి ప్రతి ఒక్కరినీ గోత్రం అడుగుతారు, పేరు అడుగుతారు. పక్కనున్న అమ్మ పేరు, భార్య పేరు, చంటిపాప పేరు... అందరివీ వరసగా చెబుతాం. దేవుడి దగ్గర ఒక్క పేరూ తప్పిపోకూడదని మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటాం. గడీలో నలభై ఏళ్లు ఊడిగం చేసిన మనిషికి ఈ ఒక్క నిమిషం కూడా దక్కలేదు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో పోరాటం ముగిసింది. దొరలు పట్నాలకు వెళ్లిపోయారు. గడీలు కొన్ని బడులయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటలా ఓపిగ్గా బాగుచేసుకున్నవీ ఉన్నాయి. 2022లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా దక్కింది. చాలావాటికి ఆ అదృష్టం లేదు. వానకు ఒక గోడ, గాలికి ఒక దూలం... రాలిపోతున్నాయి. వాటికన్నా వేగంగా, గడీలో ఎవరుండేవారో చెప్పగల ముసలివాళ్లు వెళ్లిపోతున్నారు.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకుని పాత గడీ దాకా వెళ్లండి, పగటిపూటే! గోడల దగ్గర జాగ్రత్త. అక్కడ ఫొటోలు దిగాక ఊళ్లో పెద్దవయసు అమ్మమ్మ ఎవరో కనుక్కుని ఆమె పక్కన కాసేపు కూచోండి. దయ్యం కథ అడగొద్దు. 'ఈ గడీలో పనిచేసిన ఆడవాళ్లు ఎవరెవరు? వాళ్లనేమని పిలిచేవాళ్లు?' అని అడగండి. ఒక్క పేరు దొరికినా చాలు, ఇంటికొచ్చి నోటు పుస్తకంలో రాసిపెట్టండి.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్, విజయవాడల మధ్య జాతీయ రహదారి మీద సూర్యాపేట, మునగాల, కోదాడ వరసగా వస్తాయి. పిల్లలమర్రి సూర్యాపేటకు ఆనుకునే ఉంటుంది. ఆటోలు దొరుకుతాయి. నడిగూడేనికి మునగాల, కోదాడల నుంచి వెళ్లొచ్చు. పెనుగంచిప్రోలుకు జగ్గయ్యపేట మీదుగా దారి. మఠంపల్లి, మట్టపల్లిలకు కోదాడ నుంచి గానీ, మిర్యాలగూడ నుంచి గానీ హుజూర్‌నగర్ చేరుకుని వెళ్లాలి. సొంత వాహనం ఉంటే పొద్దున పిల్లలమర్రిలో మొదలుపెట్టి, నడిగూడెం చూసుకుని, సాయంత్రానికి మట్టపల్లిలో కృష్ణ ఒడ్డుకు చేరుకోవచ్చు. పెనుగంచిప్రోలు కూడా చూడాలంటే మరో రోజు కేటాయించుకోవడం మేలు. పులిచింతల నీళ్లు నిలిచాక రేవులో లోతు పెరిగింది. పిల్లలతో స్నానానికి దిగేటప్పుడు జాగ్రత్త అవసరం.